డబ్లిన్ గేటు దగ్గర గంజాం కుర్రాళ్లు

గంజాం జిల్లా పొలసర నుంచి ఫోనొస్తే ఈమధ్య అందరిదీ ఒకటే మాట: "అన్నయ్యా, మావాడికి అక్కడి కాలేజీలో సీటు రావాలంటే ఎవరిచేత చెప్పించాలి?" ఎవరిచేతా అక్కర్లేదంటే నమ్మరు. నమ్మకపోవడంలో తప్పూ లేదు. ఐర్లండ్‌లో కూడా కాలేజీ తలుపు మూడొందల ఏళ్లకు పైగా మార్కులు చూసి తెరుచుకోలేదు.

డబ్లిన్‌లో ట్రినిటీ కాలేజీ 1592లో పెట్టారు. దేశంలో ఎక్కువమంది కాథలిక్కులు, కాలేజీ ప్రొటెస్టెంట్లది. కాథలిక్కుకి డిగ్రీ ఇవ్వడం మొదలైంది 1793లో. మతం అడిగే నిబంధనలు 1873 దాకా పూర్తిగా పోలేదు. తీరా పోయాక కాథలిక్ బిషప్పులే తమవాళ్లను అక్కడికి వెళ్లొద్దన్నారు, ఆ నిషేధం 1970 వరకూ నడిచింది. వాళ్లకోసం అంతకుముందే, 1854లో, తర్వాత కార్డినల్ అయిన న్యూమన్ ఆధ్వర్యంలో మొదలైన విశ్వవిద్యాలయమే తర్వాత యూనివర్సిటీ కాలేజీ డబ్లిన్ అయింది. లా చదువుది ఇంకో తమాషా. ఐర్లండ్‌లో బారిస్టరు కావాలన్నా కొన్నాళ్లు లండన్‌లోని ఇన్స్ అనే బారిస్టర్ల సంఘాల్లో హాజరు వేయించుకోవాలని 1542 నాటి చట్టం. హాజరంటే పాఠాలకని కాదు, అక్కడి హాల్లో రాత్రి భోజనాలు చేసినట్టు లెక్క చూపాలి! 1885 దాకా ఐరిష్ కుర్రాళ్లు సముద్రం దాటి వెళ్లి ఆ భోజనాలు చేసొచ్చారు.

మన బరంపురం కుర్రాడు ఈ కథలోకి 1913లో వచ్చాడు. జోగయ్య పంతులు గారనే ప్లీడరు కొడుకు, వి.వి. గిరి. అప్పటికి గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది, ఒడిశాలో కలిసింది 1936లో. 1909లో మదన్‌లాల్ ధింగ్రా అనే భారతీయ విద్యార్థి కర్జన్ వైలీ అనే బ్రిటిష్ అధికారిని కాల్చాక లండన్‌లో భారతీయ విద్యార్థుల మీద నిఘా బిగిసింది. బారిస్టర్లను తయారుచేసే డబ్లిన్‌లోని కింగ్స్ ఇన్స్ మాత్రం వీళ్లని తీసుకుంది, యూనివర్సిటీ కాలేజీలో ఏడాది కోర్సు చేయాలన్న షరతుతో. 1914-15లో ఆ కోర్సు చదివిన మొదటి జట్టులో భారతీయులు పదమూడు మంది, అందులో గిరి ఒకరు. 1917 నాటికి మొత్తం యాభై మంది చదివారు. గిరి దాంతోపాటు బి.ఏ.లోనూ చేరాడు. ఇంగ్లీషు చెప్పిన థామస్ మెక్‌డొనాని 1916 ఈస్టర్ తిరుగుబాటులో ఉన్నందుకు మే 3న బ్రిటిష్ వాళ్లు కాల్చి చంపారు. జూన్ 1న దేశం విడిచి పొమ్మని గిరికి నోటీసు. అదే నెల 21న బారిస్టరు పట్టా చేతికొచ్చింది, బి.ఏ. మాత్రం సగంలో ఆగిపోయింది. ఆ తర్వాత కింగ్స్ ఇన్స్ కొత్త నిబంధన పెట్టింది: ముందే కొంత యూనివర్సిటీ చదువు ఉండాలి. చూడ్డానికి చదువు ప్రమాణం గురించే అన్నట్టుంటుంది. దానితో భారతీయుల రాక ఆగింది. అడ్మిషన్ నిబంధన ఏం అడుగుతోందో చదివి ఊరుకోకూడదని, ఎవరిని ఆపడానికి పుట్టిందో కూడా చూడాలని నాకు ఈ దేశమే నేర్పింది.

ఐర్లండ్‌కి స్వతంత్రం వచ్చాక కూడా హైస్కూలు చదువు డబ్బున్నవాళ్లదే. డొనో ఒమాలీ అనే మంత్రి 1966లో ఉచిత హైస్కూలు చదువు ప్రకటించి, మరుసటేడు అమలు చేయించాడు. దాంతో కాలేజీల ముందు జనం పెరిగారు. 1976లో గాల్వేలో కేంద్ర దరఖాస్తుల కార్యాలయం ఏర్పడింది. సీటుకోసం హైస్కూలు చివర రాసే లీవింగ్ సర్టిఫికెట్ పరీక్షలో ఆరు సబ్జెక్టుల పాయింట్లు కలుపుతారు, పై స్థాయి లెక్కలు పాసైతే పాతిక అదనం, గరిష్ఠం 625. ఇద్దరికి సమానంగా వస్తే కంప్యూటరు చీటీ తీస్తుంది. ఇంత చిన్న దేశంలో ప్రతివాడూ ఎవరో ఒకరికి మేనల్లుడే, మనిషి చేతిలో పెడితే ఏమవుతుందో వాళ్లకి తెలుసు. ఈ పద్ధతి పిల్లల్ని నలిపేస్తుందని ఇక్కడివాళ్లు తిట్టుకుంటారు. నాకైతే ఆ మొండి అంకె మీద గౌరవమే.

అయితే మన పిల్లలు ఎక్కువగా వచ్చేది ఆ గేటు గుండా కాదు. ఎమ్మెస్సీకి వచ్చేవాళ్లు నేరుగా యూనివర్సిటీకే పెట్టుకోవాలి, అక్కడ మళ్లీ మనిషే చదువుతాడు. నాకు చూడమని పంపే స్టేట్‌మెంట్లు సగం "చిన్నప్పటి నుంచి నాకు సైన్సంటే ప్రాణం" అని మొదలవుతాయి. చదివే ప్రొఫెసరుకి ఆ ప్రాణంతో పనిలేదు. గంజాం కుర్రాడు కెమికల్ ఇంజనీరింగ్‌కి పెడుతున్నాడనుకోండి, మన మొగలిపూలని రాగి డేగిసాల్లో ఎలా కాచి అత్తరు తీస్తారో, ఆవిరి ఎక్కడ వృథా అవుతుందో తను చూసింది రాయాలి. ఆ కోర్సులో ఏ పేపరు ఆ ప్రశ్నకి పనికొస్తుందో పేరు పెట్టి చెప్పాలి. అలాంటి ఒక్క పేరా, అరువు తెచ్చుకున్న రెండు పేజీలకన్నా దూరం వెళ్తుంది. సిఫారసు ఉత్తరం ప్రిన్సిపాలుదో నాయకుడిదో వద్దు. ప్రాక్టికల్స్‌లో మీ పక్కన నిలబడ్డ లెక్చరరు కాలేజీ ఈమెయిలు నుంచి పంపితే చాలు.

ఇంకోటి, మనవాళ్లకే ప్రత్యేకమైన చిక్కు. ప్లస్ టూ సర్టిఫికెట్లో ఇంటిపేరు ఒక్క అక్షరమై, చివర "రావు" ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. ఇక్కడి కంప్యూటరుకి ఆ రెండు పేర్లూ ఇద్దరు వేరు మనుషులవి. బరంపురంలో నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించి, దరఖాస్తు తెరవకముందే స్కాన్ చేసి పెట్టుకోండి. ఆఫర్ వచ్చాక పరుగెడితే వీసా గడువు మీకోసం ఆగదు.