వాకిలి దాటిన బాధ్యత: నగరవీధుల పరిశుభ్రత – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

వీధిలో చెత్త వేయడం దోషమన్న భావన భారతీయ సమాజానికి కొత్తది కాదు. అర్థశాస్త్రం మొదలుకొని 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నియమాల వరకు చెత్త వేసిన వ్యక్తినే బాధ్యునిగా పేర్కొన్న శాసనపాఠాలు కనిపిస్తాయి. అయినప్పటికీ ఆచరణలో ఆ బాధ్యత పౌరునిపై నిలవలేదు. ఊడ్చే పని కులాన్ని అనుసరించి కొందరికే పరిమితం కావడం ఇందుకు ముఖ్యకారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పారిశుద్ధ్యం, పౌరబాధ్యత, పురపాలన, కులవృత్తి, అర్థశాస్త్రం, గాంధీ, అంబేడ్కర్.

1. ఉపోద్ఘాతం

తెలుగువారి ఇళ్ళముందు కళ్ళాపి చల్లడం, ముగ్గు వేయడం చిరకాలంగా వస్తున్న ఆచారాలు. అయితే వాకిట ఊడ్చిన చెత్త తరచుగా ముగ్గు అంచు దాటి వీధిలోకి చేరుతుంది. వాకిలి మనది, వీధి మరెవరిదో అన్న భావన ఈ చిన్న చర్యలో వ్యక్తమవుతుంది. దీనిని పౌరస్పృహ లోపంగా వివరించడం పరిపాటి. ఆ వివరణ పాక్షికమైనది. చెత్త ఎవరు వేస్తున్నారన్న ప్రశ్నతోపాటు, దానిని ఎవరు ఎత్తుతారన్న నమ్మకంతో వేస్తున్నారన్న ప్రశ్నను కూడా పరిశీలించవలసి ఉంది.

2. అర్థశాస్త్రం: దండన, నివాసం

కౌటిల్యుని అర్థశాస్త్రం రెండవ అధికరణంలో నగరపాలకుడైన నాగరకుని విధులను వివరించే ప్రకరణం ఉంది. వీధిలో మట్టి, చెత్త పోసినవానికి పణంలో ఎనిమిదవ వంతు, బురదనీటితో దారిని అడ్డగించినవానికి పావు పణం జరిమానా. రాజమార్గంలో ఈ దోషాలకు దండన రెట్టింపు. పుణ్యస్థలాలు, నీటితావులు, దేవాలయాలు, రాజభవనాల వద్ద మలవిసర్జనకు జరిమానా ఒక పణంతో మొదలై క్రమంగా పెరుగుతుంది. రోగం, ఔషధం, భయం కారణమైతే దండన లేదు. కుక్క, పిల్లి వంటి జంతువుల కళేబరాన్ని నగరంలో పారవేస్తే మూడు పణాలు చెల్లించాలి. దోషస్థాయిని, స్థలాన్ని, దోషి పరిస్థితిని వేర్వేరుగా లెక్కించిన ఈ విధానంలో వ్యక్తిగత బాధ్యత అన్న భావన స్పష్టంగా ఉంది.

ఇదే అధికరణంలో దుర్గనివేశాన్ని వివరించే భాగం చండాలుర నివాసాన్ని శ్మశానపు అంచున నిర్దేశించింది. నగరాన్ని శుచిగా ఉంచాలన్న ఆలోచన, కొందరు మనుషులను అశుచిగా భావించి నగరం వెలుపల ఉంచాలన్న ఆలోచన ఒకే గ్రంథంలో పక్కపక్కనే నిలిచాయి. తరువాతి చరిత్రను అర్థం చేసుకోవడానికి ఈ సహస్థితి కీలకమైనది.

3. వలసపాలన: పన్ను చెల్లింపుదారు, పారిశుద్ధ్య కార్మికుడు

1860 నాటి భారత శిక్షాస్మృతి ప్రజాబాధకాన్ని నేరంగా పరిగణించి, ప్రత్యేకశిక్ష విధించని సందర్భాలకు 290వ సెక్షన్ కింద 200 రూపాయల వరకు జరిమానా నిర్ణయించింది. 2024 జులై 1న భారతీయ న్యాయసంహిత అమలులోకి వచ్చేవరకు ఆ మొత్తం మారలేదు. రూపాయి విలువ పడిపోతున్నకొద్దీ ఆ దండన నామమాత్రంగా మిగిలింది.

పురపాలక వ్యవస్థ ఏర్పాటుతో మరొక మార్పు వచ్చింది. నివాసి పన్ను చెల్లిస్తాడు, పురపాలక సంఘం మనుషులను నియమించి వీధులు ఊడ్పిస్తుంది. ఈ పనికి నియమితులైనవారు ప్రధానంగా అస్పృశ్యులుగా పరిగణింపబడిన కులాలవారే. ఆధునికసంస్థ పాత కులవిభజనను రద్దు చేయకపోగా దానికి జీతపట్టికలో స్థానం కల్పించింది. పన్ను కట్టడంతో తన పని ముగిసిందన్న భావన పౌరునిలో బలపడటానికి ఈ ఏర్పాటు దోహదం చేసింది.

4. గాంధీ ప్రయోగం, అంబేడ్కర్ విమర్శ

1896లో బొంబాయిలో ప్లేగు వ్యాపించినప్పుడు గాంధీ రాజకోటలో మరుగుదొడ్లను తనిఖీ చేశారు. సంపన్నుల ఇళ్ళలోని దొడ్లే ఎక్కువ అపరిశుభ్రంగా ఉన్నాయనీ, అస్పృశ్యుల వాడకు తనతో రావడానికి సంఘసభ్యులలో ఒక్కరే సిద్ధపడ్డారనీ, అక్కడి ఇళ్ళు శుభ్రంగా ఉన్నాయనీ ఆయన తన ఆత్మకథలో నమోదు చేశారు. 1901 కలకత్తా కాంగ్రెస్‌ సభల్లో మరుగుదొడ్ల దుస్థితిని చూపినప్పుడు, అది పాకీవారి పని అని స్వచ్ఛందసేవకులు సమాధానమిచ్చారు. గాంధీ చీపురు అడిగి తెచ్చుకొని తానే శుభ్రం చేశారు. రాజకీయ స్వాతంత్ర్యాన్ని కోరే విద్యావంతులు కూడా తాము చేసిన మాలిన్యానికి మరొక కులాన్ని బాధ్యులను చేశారన్నది ఈ సంఘటన తెలిపే సత్యం.

ఈ పనిని పవిత్రసేవగా కీర్తించే గాంధేయ ధోరణిని అంబేడ్కర్ తీవ్రంగా విమర్శించారు. పుట్టుక కారణంగా ఒకరిపై మోపిన పనిని ఉదాత్తమైనదిగా ప్రశంసించడం వారిని అందులోనే బంధించడమని ఆయన వాదనసారం. ఈ రెండు దృక్పథాలు వేర్వేరు శ్రోతలను ఉద్దేశించినవి. చెత్త వేసేవారు చీపురు పట్టాలన్నది మొదటిది. చీపురు పట్టక తప్పనివారికి దానిని వదిలే హక్కు ఉండాలన్నది రెండవది. రెండవది నెరవేరనంతకాలం మొదటిది ఆదర్శప్రదర్శనగానే మిగిలిపోతుంది.

5. స్వాతంత్ర్యానంతర పరిణామాలు

1980లో రత్లాం పురపాలక సంఘం కేసులో జస్టిస్ వి. ఆర్. కృష్ణయ్యర్, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డిల ధర్మాసనం, నిధుల కొరత సాకుతో పురపాలక సంఘం పారిశుద్ధ్య బాధ్యతను తప్పించుకోజాలదని తీర్పునిచ్చింది. 1996లో అల్మిత్రా పటేల్ దాఖలు చేసిన వ్యాజ్యం నేపథ్యంలో 2000లో పురపాలక ఘనవ్యర్థాల నియమాలు వెలువడ్డాయి. వాటిలో ప్రధానభారం పురపాలక సంఘానిదే. 2016 నియమాలు వ్యర్థాలను ఉత్పత్తి చేసేవారి విధులను ప్రత్యేకంగా పేర్కొన్నాయి. చెత్తను మూడు రకాలుగా వేరుచేయడం, వీధిలో వేయకపోవడం, రుసుము చెల్లించడం ఆ నియమాల ప్రకారం ప్రతి ఇంటి విధిగా ఉండేది. వీధివ్యాపారి సైతం తన చెత్తకు తగిన పాత్రను ఏర్పాటు చేసుకోవలసి ఉండేది.

దీనికి సమాంతరంగా కార్మికుల పోరాటం సాగింది. మానవమలాన్ని చేతులతో ఎత్తించడాన్ని 1993, 2013 చట్టాలు నిషేధించాయి. కోలారు బంగారుగనుల ప్రాంతపు తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ నాయకత్వం వహించిన సఫాయి కర్మచారి ఆందోళన్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2014 మార్చిలో తీర్పునిస్తూ, 1993 నుంచి మురుగుకాలువలలో మరణించినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలని ఆదేశించింది. అదే సంవత్సరం అక్టోబరు 2న స్వచ్ఛభారత్ కార్యక్రమం ప్రారంభమైంది. చీపురు పట్టిన ప్రముఖుల ఛాయాచిత్రాలు ప్రజల స్మృతిలో నిలిచినంతగా ఆ తీర్పు నిలవలేదు.

6. ముగింపు

పై పరిశీలనను బట్టి, చెత్త వేసినవారిని దండించే చట్టం ఈ దేశంలో ఏనాడూ పూర్తిగా లోపించలేదని తెలుస్తుంది. లోపించినది, ఎత్తే మనిషి తనతో సమానుడన్న గుర్తింపు. తడిచెత్తలో కలిపి పారవేసిన గాజుపెంకు, వాడిన సూది చివరకు ఒక కార్మికుని చేతికే గుచ్చుకుంటాయి. ఇంట్లోనే చెత్తను వేరుచేయాలన్న నియమాన్ని నగరసౌందర్యానికి సంబంధించిన విషయంగా మాత్రమే కాక, ఆ చేతిపట్ల ఉండవలసిన బాధ్యతగా చదవాలి. అలా చదివినప్పుడే వ్యక్తిగత బాధ్యత అన్న మాట నీతిబోధ స్థాయిని దాటి సామాజికన్యాయంలో భాగమవుతుంది. వాకిట ముగ్గు వేసిన చేయి, వీధి ఊడ్చే చేయి మధ్యనున్న దూరం తగ్గడమే పరిశుభ్రతకు నిజమైన కొలమానం.