చెర్రీ గనిలో గాలి దారి

మన నేపర్‌విల్ నుంచి పడమరగా కారులో గంటన్నర పోతే చెర్రీ అనే చిన్న ఊరు వస్తుంది. 1909 నవంబరు 13న అక్కడి బొగ్గు గనిలో 259 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది మనలాగే పొట్ట చేతపట్టుకుని సముద్రం దాటి వచ్చినవాళ్లే. ఎంతోమందికి ఇంగ్లీషు రాదు. కట్టుబడి పనుల్లో ఉన్న మేము ఈ చరిత్రను తోటి పనివాళ్లకు చెప్పాలనుకోవడానికి కారణం ఒక్కటే: అక్కడ మంట ఎంత చంపిందో, గాలి కూడా అంత చంపింది.

మన సింగరేణి భూగర్భ గనుల్లో లాగే అక్కడా గాలి ఒక దారిన లోపలికి పోయి ఇంకో దారిన బయటికి రావాలి. అందుకు పైన పెద్ద ఫ్యాను ఉండేది. ఆ రోజుల్లో కరెంటు చెడిపోయి లోపల కిరసనాయిలు దీపాలు వాడుతున్నారు. కంచరగాడిదల కోసం దించిన ఎండుగడ్డి బండికి దీపం నుంచి నిప్పంటుకుంది. చిన్న మంటే కదా అని మొదట ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఫ్యాను గాలి తగిలి అది కర్ర దూలాలకు పాకింది.

మంట ఆర్పుదామని ఫ్యానును వెనక్కి తిప్పారు. దాంతో మంట గాలి బావిలోంచి పైకి ఎగబాకి ఫ్యాను గదిని, బయటపడే మెట్లను కాల్చేసింది. తప్పించుకునే దారే పొగగొట్టం అయిపోయింది. కాపాడడానికి దిగిన 12 మంది ఆరుసార్లు జనాన్ని పైకి తెచ్చి, ఏడోసారి తామే కాలిపోయారు. లోపల 21 మంది మాత్రం విషగాలి రాకుండా అడ్డుగోడ కట్టుకుని, ఎనిమిది రోజుల తర్వాత ప్రాణాలతో బయటికొచ్చారు.

ఇందులో కిటుకు ఏమిటంటే, వేడి పొగ పైకప్పుకు తగిలి రెండు వైపులా పాకుతుంది. గాలి నెమ్మదిగా వీస్తే పొగ గాలికి ఎదురుగా కూడా నడుస్తుంది. తగినంత జోరుగా వీస్తే పొగంతా ఒకే వైపు పోతుంది, రెండో వైపు మనుషులు బతుకుతారు. 1993-95లో వెస్ట్ వర్జీనియాలోని మెమోరియల్ టన్నెల్లో నిజమైన మంటలు పెట్టి పరీక్షించారు. పెద్ద మంటకైనా సెకనుకు సుమారు 3 మీటర్ల వేగం ఉంటే పొగ వెనక్కి రాదని తేలింది. కానీ అదే గాలి మంటకు ఊపిరి కూడా పోస్తుంది. 1999లో మాంట్ బ్లాంక్ సొరంగంలో ఇటలీ వైపు నుంచి లోపలికి గాలి కొట్టారు, పొగ ఫ్రాన్సు వైపు చిక్కుకున్నవాళ్ల మీదికి పోయింది. 39 మంది చనిపోయారు.

చెర్రీ తర్వాత ఇల్లినాయిలో 1910లో గనుల్లో మంటలార్పే ఏర్పాట్లపై చట్టం వచ్చింది, 1911లో కార్మికుల నష్టపరిహార చట్టం వచ్చింది. ఈ రోజు మనం దెబ్బ తగిలితే అడిగే హక్కు వెనక ఆ వలస కూలీల ప్రాణాలు ఉన్నాయి.

అందుకే సొరంగంలోకో బేస్‌మెంటులోకో దిగే ముందు మూడు అడగండి: గాలి ఎటునుంచి ఎటు పోతోంది? ఫ్యాను మార్చే అధికారం ఎవరిది? మనం లోపల ఉన్నట్టు అతనికి తెలుసా? భాష రాకపోతే తెలిసినవాణ్ణి వెంటబెట్టుకుని అడగండి. నామోషీ పడొద్దు. పొగ వస్తే గాలి వచ్చే వైపుకే నడవండి, గాలి పోయే వైపుకు పరుగెత్తొద్దు.