మేడెక్కని అల

మా యింటికి మూడంతస్తులు. కింద హాలూ వంటిల్లూ, మధ్యలో పడకగదులు, పైన వొకే వొక్క గది. ఆ గదిని మా అమ్మ యేరికోరి పుచ్చుకుంది, యెండ బాగా వస్తుందని. యెండయితే వచ్చింది గానీ, వైఫై రాలేదు.

ఆదివారం పొద్దున్నే డాలస్ నుంచి మా చెల్లెలు ఫోనులో కనిపిస్తుంది. "ఒరే, బొమ్మ ఆగిపోయిందిరా!" అని పైనుంచి కేక. మోకాళ్ళ నొప్పులతో ముప్ఫయ్యారు మెట్లూ దిగి వచ్చేది. ఒక ఆదివారం దిగలేదు. "నేను కులాసాగానే వున్నానని దానికి చెప్పు" అంది. ఆ మాటకి నాకు అన్నం సయించలేదు. ఈ అల మేడెందుకెక్కదో కనుక్కుందామని కూర్చున్నాను. కూర్చుంటే చరిత్రలో పడ్డాను.

తీగ లేకుండా గోడలు దాటడం మనవాళ్ళకి కొత్తేం కాదు. 1895లో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోసుగారు గోడకి అవతల వున్న గంట మోగించి, తుపాకిమందు పేల్చి చూపించారు. ఆయన కాలపు గోడల్లో మా మేస్త్రీ పోసినంత ఇనుము లేదులెండి!

ఇక అసలు కథ హవాయి దీవులది. అక్కడ విశ్వవిద్యాలయం కంప్యూటరు ఒవాహు దీవిలో, శాఖలేమో చుట్టుపక్కల దీవుల్లో, మధ్యన సముద్రం. టెలిఫోను తీగలంటే ఖరీదు. నార్మన్ ఎబ్రమ్సన్ అనే ప్రొఫెసరూ ఆయన బృందమూ 1971లో 'అలోహా' అనే రేడియో వల పన్నారు. కిటుకు చాలా చిన్నది. ఎవరికి చెప్పాలనిపిస్తే వాళ్ళు చెప్పెయ్యడమే. రెండు మాటలు ఢీకొంటే ఇద్దరూ ఆగాలి. ఒకరు కాస్త తక్కువా, వొకరు కాస్త ఎక్కువా ఆగి మళ్ళీ మొదలెట్టాలి. అచ్చం పెళ్ళివారింట్లో సంభాషణ! లెక్క కడితే, ఈ పద్ధతిలో దారిలో మహా అయితే 18 శాతమే అక్కరకొస్తుందని తేలింది. అయినా పని జరిగింది. దూరపు దీవులకి అందక, మధ్యలో విని మళ్ళీ పలికే రిపీటర్లు పెట్టారు.

నేనూ మొదట అదే కొన్నాను, మెట్ల మలుపులో పెట్టాను. కింది మాట విని పైకి కేకేసే కుర్రాడన్నమాట. పాపం, ఒకే నోటితో ప్రతి మాటా రెండుసార్లు చెప్పాలిగా, వేగం సగానికి పడిపోయింది. అమ్మకి చెల్లెలు కనిపించింది గానీ, పెదవులు ఇప్పుడు కదిలితే మాట తర్వాతెప్పుడో వినిపించేది.

హవాయి తర్వాత మరో మజిలీ 1985. అమెరికా ప్రభుత్వం 2.4 గిగాహెర్ట్‌జ్ దగ్గర కొంత జాగాని, లైసెన్సు లేకుండా వాడుకోండని వదిలేసింది. అది మైక్రోవేవ్ పొయ్యిలు గోల చేసే చోటు, అప్పటిదాకా ఎవరూ కోరని పోరంబోకు. (మా ఆవిడ సాంబారు వేడిచేస్తే ఫోను నసగడానికి కారణం అదే.) దుకాణాల్లో డబ్బు లెక్కపెట్టే యంత్రాలు చేసే ఎన్‌సీఆర్ కంపెనీ, ఆ యంత్రాలకి తీగల బెడద తప్పిద్దామని ఆ పోరంబోకులో దిగింది. వాళ్ళ హాలెండు శాఖలో పనిచేసే విక్ హేస్ 1990 నుంచి ఉమ్మడి నియమాల సంఘానికి పెద్దగా వుండి, 1997లో మొదటి నియమావళి తెప్పించాడు. వైఫై అన్న పేరు 1999లో వొక పేర్ల కంపెనీ పెట్టింది. మన దేశంలో ఆ జాగాకి లైసెన్సు బెడద 2005లో తీరింది.

ఇంత చదివాక డబ్బా మీది యాంటెన్నా కేసి చూశాను. నిటారుగా నిలబెడితే దాన్నుంచి అలలు గారె ఆకారంలో పరుచుకుంటాయట. పక్కలకి బాగా పోతాయి, నెత్తిమీదికేమో గారె చిల్లు! అమ్మ గది సరిగ్గా ఆ చిల్లు మీద వుంది. ఆపైన రెండు శ్లాబుల ఇనపచువ్వలు, వాటిమీద నీళ్ళ టాంకు. యాంటెన్నా పడుకోబెడితే కాస్త మెరుగయింది, అంతే.

చివరికి ఎలక్ట్రీషియను నీళ్ళ గొట్టం పక్కనుంచి ఒక ఈథర్‌నెట్ తీగ పైకి లాగి, అమ్మ గదిలో మరో డబ్బా తగిలించాడు. ఆ తీగ నూరు మీటర్లదాకా పనిచేస్తుంది, మాకు పాతికతో సరిపోయింది. "ఇంతా చేసి తీగేనా?" అన్నాడు మావాడు వెటకారంగా. అక్కడే వుంది తమాషా. ఈథర్‌నెట్‌కి 1973లో రూపమిచ్చిన రాబర్ట్ మెట్‌కాఫ్ అంతకుముందు ఎబ్రమ్సన్ వ్యాసం చదివినవాడే. సముద్రం మీది ఆ పెళ్ళివారి పద్ధతినే సరిచేసి తీగలోకి ఎక్కించాడు. మా నీళ్ళ గొట్టం పక్కన పాకుతున్నది హవాయి సంతానమే!

ఇప్పుడు ఆదివారం పొద్దున్న పైనుంచి నవ్వులు వినిపిస్తాయి. చెల్లెలితో నేనొక ముక్క మాట్లాడాలంటే మాత్రం, ముప్ఫయ్యారు మెట్లూ నేనే ఎక్కాలి.