తుమ్ములకూ ఒక చరిత్ర ఉంది - వయ్యారిభామ మన వీధికి వచ్చిన కథ



పోయిన నెల సంఘం సమావేశంలో ఒక చిన్న సంగతి జరిగింది. మన పెద్దాయన ఒకరు హోసూరులో పెళ్లి సంబంధం మాట్లాడాలని మధ్యలోనే లేచారు. సరిగ్గా అప్పుడే వెనక వరసలో కూర్చున్న పదో తరగతి పిల్ల వరసగా ఏడెనిమిది తుమ్ములు తుమ్మింది. పెద్దాయన మళ్లీ కుర్చీలో కూర్చుని, మంచినీళ్లు తాగి, పది నిమిషాలు ఆగి వెళ్లారు. ఆయన్ని తప్పు పట్టడం లేదు. మన ఇళ్లలో అందరం చేసేదే. కానీ ఆ పిల్ల మొహం చిన్నబోయింది. తర్వాత వాళ్లమ్మ మాతో అన్నమాట ఇంకా చెవిలోనే ఉంది: "మా ఇంట్లో ఎవరైనా బయటికి బయలుదేరుతుంటే దీన్ని లోపలి గదిలోకి పొమ్మంటామండీ. ఏం చేస్తాం, జూన్ నుంచి అక్టోబరు దాకా ఇదే వరస."

జూన్ నుంచి అక్టోబరు దాకా. ఆ ఒక్కమాటలోనే జబ్బు పేరు ఉంది. మామూలు జలుబు వారం పది రోజుల్లో పోతుంది. నెలల తరబడి ఉండి, ఏటా అదే కాలానికి తిరిగొచ్చేది జలుబు కాదు. ఇంగ్లీషులో హే ఫీవర్ అంటారు, డాక్టర్లు అలర్జిక్ రైనైటిస్ అని రాస్తారు. మన పాత వైద్యంలో పీనసం అనే మాట ఉంది. ప్రతిశ్యాయానికి సుశ్రుతుడు చెప్పిన కారణాల్లో దుమ్మూ, పొగా కూడా ఉన్నాయి. "పడిశం పది రోగాల పెట్టు" అని మనవాళ్లు ఊరికే అనలేదు. ఐతే అన్ని తుమ్ముల్నీ పడిశం ఖాతాలోనే రాసెయ్యడంతో వచ్చింది చిక్కు.

హే ఫీవర్ అన్న పేరే ఒక పెద్ద పొరపాటు. హే అంటే ఎండుగడ్డి, ఫీవర్ అంటే జ్వరం. ఇందులో ఎండుగడ్డి తప్పేమీ లేదు, జ్వరమూ రాదు. ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలంటే 1819కి వెళ్లాలి. ఆ ఏడాది లండన్‌లో జాన్ బోస్టాక్ అనే డాక్టరు వైద్యుల సభ ముందు ఒక రోగి కథ చదివాడు. ప్రతి ఏడూ జూన్‌లో కళ్లు ఎర్రబడి దురదపెట్టడం, తుమ్ములు, ముక్కు కారడం, ఛాతీ పట్టేసినట్టుండటం, ఎనిమిదేళ్ల వయసు నుంచీ ఇదే బాధ. ఆ రోగి ఎవరో కాదు, తానే. అప్పటికి ఆయనకు నలభై ఆరేళ్లు. ఇలాంటి వాళ్లు ఇంకెవరున్నారా అని వెతికితే, తొమ్మిదేళ్లకు దొరికింది 28 మంది. ఇవాళ మన సంఘంలో ఒక్క వరస కుర్చీల్లోనే అంతమంది దొరుకుతారేమో! కొత్తగా కోసిన గడ్డి వాసన వల్ల వస్తుందని జనం అనుకున్నారు, ఆ పేరే నిలిచిపోయింది. బోస్టాక్ మాత్రం ఎండ వేడి వల్ల అనుకున్నాడు. అదీ తప్పే. వేసవిలో సముద్రపు ఒడ్డుకు పోయి ఉంటే కొంత నయంగా ఉండేదట. ఎందుకు నయమైందో ఆయనకు తెలీదు. సముద్రం మీంచి వచ్చే గాలిలో పుప్పొడి తక్కువ, అదీ సంగతి.

అసలు దొంగను పట్టుకున్నది మాంచెస్టర్ డాక్టరు చార్లెస్ బ్లాక్లీ. ఆయనకూ ఇదే జబ్బు. ఒకసారి ఇంట్లో పిల్లలు పెట్టుకున్న గడ్డిపూల గుత్తి కదిపితే పుప్పొడి మొహాన పడి తుమ్ములు మొదలయ్యాయి. ఇంకొకరైతే ఆ గుత్తి బయట పారేసి ఊరుకుందురు. ఈయన ఏళ్ల తరబడి ఒక్కొక్క గడ్డి పుప్పొడినీ సేకరించి తన ముక్కులో పెట్టుకున్నాడు, కంట్లో వేసుకున్నాడు, చేతి మీద చర్మం గీరి అక్కడ రాసుకున్నాడు. గీరిన చోట దద్దురు లేచింది. ఇవాళ అలర్జీ క్లినిక్‌లో చేతి మీద వరసగా చుక్కలు వేసి చేసే పరీక్షకు తాతగారు అదే. అంతటితో ఆగక, జిగురు పూసిన గాజు పలకలు గాలిపటాలకు కట్టి వెయ్యి అడుగులకు పైగా ఎగరేశాడు. అంత ఎత్తులోనూ పుప్పొడి అంటుకుంది! 1873లో ఇదంతా పుస్తకంగా వేశాడు. ఆయనను తొలిచిన ప్రశ్న ఒకటుంది. రోజంతా గడ్డిలోనే ఉండే రైతులకు ఈ జబ్బు తక్కువ, పట్నంలో చదువుకున్నవాళ్లకు ఎక్కువ. ఎందుకు? ఆ ప్రశ్న మీద నేటికీ పరిశోధనలు సాగుతూనే ఉన్నాయి.

అదే రోజుల్లో అమెరికాలో రాగ్‌వీడ్ అనే కలుపుమొక్క పుప్పొడి జనాన్ని పీడించేది. మన సంఘం వాళ్లకు నచ్చే సంగతి ఒకటి ఇక్కడ. 1874లో అక్కడి బాధితులంతా కలిసి హే ఫీవర్ అసోసియేషన్ అని ఒక సంఘం పెట్టుకున్నారు. ఏటా ఆ కాలానికి రాగ్‌వీడ్ లేని న్యూ హాంప్‌షైర్ కొండ ఊళ్లకు చేరి అక్కడే సమావేశాలు. మనం కులమనీ ఊరనీ భాషనీ సంఘాలు పెట్టుకున్నాం, వాళ్లు తుమ్ముల పేరు మీద పెట్టుకున్నారు. నవ్వులాటకు అనడం లేదు. కొండకు పోయి రెండు నెలలు ఉండగలిగేది డబ్బున్నవాళ్లే. మిగతావాళ్లు ఊళ్లోనే తుమ్ముతూ ఉండిపోయారు.

ఇక మన కథ. ఆ రాగ్‌వీడ్‌కు దగ్గరి చుట్టం ఒకటి మన ఖాళీ సైట్లలో ఉంది. ఆంధ్రలో వయ్యారిభామ అంటారు, మనకిక్కడ కాంగ్రెస్ గిడ, మహారాష్ట్రలో మనవాళ్లకు గాజర్ గవత్. శాస్త్రం పేరు పార్థీనియం. సొంత ఊరు మెక్సికో చుట్టుపక్కల. ఇది పి.ఎల్. 480 గోధుమలతో వచ్చిందనీ, కాంగ్రెస్ ప్రభుత్వం తెప్పించిన గోధుమలు కనుకే ఆ పేరనీ మన పెద్దలందరూ చెబుతారు. తెల్లటి పూలు గాంధీ టోపీల్లా ఉంటాయి కనుక ఆ పేరు వచ్చిందని ఇంకో మాట.

తారీఖులు పక్కపక్కన పెడితే ఆ గోధుమల కథ అంత సూటిగా కుదరదు. పి.ఎల్. 480 కింద మన దేశం మొదటి ఒప్పందం చేసుకున్నది 1956 ఆగస్టులో. ఆర్.ఎస్. రావు అనే వృక్షశాస్త్రవేత్త పుణేలో ఈ మొక్కను గమనించింది 1955లో, దేశానికి కొత్త మొక్క అని ప్రచురించింది 1956లో. అంటే ఒప్పందం మీద సంతకం పడకముందే మొక్క పుణే చేరింది. ఐతే అంతకు ముందు 1951లో కూడా అమెరికా అప్పు మీద గోధుమలిచ్చింది. కాబట్టి గోధుమలతో రాలేదని కొట్టిపారెయ్యలేం, పి.ఎల్. 480 ఒక్కదాని మీదే నెపం వెయ్యడం మాత్రం కుదరదు. ఇంకో ముడి కూడా ఉంది. 1814లో కలకత్తా తోటలోని మొక్కలకు విలియం రాక్స్‌బర్గ్ వేసిన జాబితాలోనే ఈ పేరు కనిపిస్తుంది. యానాం సభ్యులకు ఆయన కొత్తవాడేమీ కాదు, కలకత్తా పోకముందు పక్కనే సామర్లకోటలో ఏళ్ల తరబడి మొక్కలు పెంచినవాడు. తోటలో ఉన్న మొక్క వేరు, ఊరి మీద పడిన మొక్క వేరు. ఊరి మీద పడింది మాత్రం 50ల తర్వాతే.

పుణే నుంచి రోడ్ల వెంట, రైలు పట్టాల వెంట, ధాన్యం బస్తాల్లో, లారీ టైర్ల బురదలో దక్షిణానికి దిగింది. బెంగళూరులో పొలాలు లేఅవుట్లయి, సైట్లు కొన్నవాళ్లు ఇల్లు కట్టకుండా వదిలేసిన కాలమది. దానికి అంతకంటే ఏం కావాలి? పశువు ముట్టదు, పక్కన ఇంకో మొక్కను సరిగా లేవనివ్వదు, ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది. 70ల్లో పుణేలో జనానికి చర్మం మీద దద్దుర్లు, పుండ్లు రావడం డాక్టర్లు గమనించారు. 1975లో కర్ణాటక ప్రభుత్వం దీన్ని చట్టం కింద హానికరమైన కలుపుగా ప్రకటించింది. చట్టం ప్రకారం సైటు యజమానే తియ్యాలి. ఎన్ని సైట్లలో తీశారో మన వీధిలో నడిచి చూడండి.

చర్మం సంగతి ముందే తెలిసింది, ముక్కు సంగతి తేలడానికి ఇంకా సమయం పట్టింది. 1980లో కాంచన్, జయచంద్ర అనే ఇద్దరు లెక్కగట్టి ఒక్కో మొక్క సగటున 62 కోట్లకు పైగా పుప్పొడి రేణువులు వదులుతుందని చెప్పారు. ఆ తర్వాత మన బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో పి.వి. సుబ్బారావు గారి బృందం ముక్కు జబ్బుతో వచ్చే రోగుల మీద పని చేసింది. 1991లో అచ్చయిన వాళ్ల ఫలితం ఇది: రైనైటిస్ రోగుల్లో 34 శాతం మందికి, ఆస్తమా రోగుల్లో 12 శాతం మందికి పార్థీనియం పుప్పొడితో చేసిన చర్మ పరీక్షలో దద్దురు లేచింది. బ్లాక్లీ తన చేతి మీద చూసిందే, నూరేళ్ల తర్వాత మన ఊళ్లో. "బెంగళూరు చలి పడలేదు" అని మన ఇళ్లలో ఎంతమందిని ఊరికి పంపేశామో! పడనిది చలి కాదు, పక్క సైటు.

ఒంట్లో జరిగేది ఏమిటంటే, కొందరి శరీరం పుప్పొడిని శత్రువు అనుకుని దానికోసం ప్రత్యేకంగా ఐజీఈ అనే ప్రతిరక్షకాన్ని తయారు చేసుకుంటుంది. 1966లో ఇషిజాకా దంపతులు దీన్ని గుర్తించారు. అవి ముక్కులోనూ కళ్లలోనూ కొన్ని కణాల మీద కాపలాకూర్చుంటాయి. పుప్పొడి మళ్లీ తగలగానే ఆ కణాలు పగిలినట్టై హిస్టమిన్ బయటపడుతుంది. ఆ వెంటనే దురద, వరస తుమ్ములు, నీళ్లలాగా కారే ముక్కు. అందుకే మొదటి ఏడాది ఏమీ కాదు, రెండో ఏడో ఐదో ఏడో మొదలవుతుంది. "నేను ఇక్కడే పుట్టి పెరిగాను, నాకెప్పుడూ లేదే" అనేవాళ్లకు ఇదే జవాబు. గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. జ్వరం ఉండదు, అంగిలి కూడా దురదపెడుతుంది, కళ్ల కింద నల్లగా ఉంటుంది. పిల్లలైతే అరచేత్తో ముక్కును పైకి రుద్దీ రుద్దీ ముక్కు మీద అడ్డంగా ఒక గీత పడుతుంది. ఏడాది పొడుగునా ఉంటే పుప్పొడి కంటే పరుపుల్లో, దిండ్లలో ఉండే డస్ట్ మైట్ అనే కంటికి కనపడని పురుగును అనుమానించాలి. కొందరికి ఇది ఆస్తమాకు దారి తీస్తుంది, పిల్లికూతలు వినిపిస్తే డాక్టరు దగ్గరకు వెళ్లడంలో ఆలస్యం వద్దు. మందుల దుకాణంలో కొని నెలల తరబడి వేసుకునే ముక్కు చుక్కలు ముక్కును ఇంకా బిగిస్తాయి. ఇంట్లో అందరూ ఒకే సీసా వాడే అలవాటు మన సభ్యుల్లో చూశాం కాబట్టి చెబుతున్నాం.

తమిళనాడు సభ్యులు "మా దగ్గర వయ్యారిభామ కంటే కంపచెట్లే ఎక్కువ" అంటారు. నిజమే. సర్కారు తుమ్మ పుప్పొడి కూడా ఇదే పని చేస్తుంది. అదీ మన చేతులతో తెచ్చుకున్నదే. వంటచెరకు కోసమని మద్రాసు అటవీ శాఖ వాళ్లు 1870ల చివర్లో తెప్పించి కడప జిల్లా కమలాపురంలో నాటారు. పేరులోనే సర్కారు ఉంది చూడండి.

వయ్యారిభామను తినే పురుగును మెక్సికో నుంచి తెప్పించి 1984లో బెంగళూరులోనే మొదట వదిలారు. ఆకుల్ని బాగానే తింటుంది. 90ల మొదట్లో పొద్దుతిరుగుడు మీద కూడా కనిపించిందని పెద్ద గొడవై విచారణ కూడా జరిగింది. ఇప్పటికీ వానాకాలంలో చారల రెక్కల ఆ చిన్న పురుగు కనిపిస్తుంది. ఎండాకాలం నేలలో దాక్కుంటుంది. ఐతే మొక్క దానికంటే ముందే లేస్తుంది.

ఇప్పుడు మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. రెండేళ్ల కిందట మన సంఘ భవనం పక్క సైటులో శ్రమదానం పెట్టాం. ఆగస్టులో, మొక్కలు నడుము ఎత్తున నిండా పూసి ఉన్నప్పుడు, వట్టి చేతులతో, పిల్లల్ని కూడా తీసుకెళ్లి పీకించాం. ఫోటోలు బాగా వచ్చాయి. మర్నాడు సగం మందికి కళ్లు వాచాయి, ఇద్దరికి మోచేతుల దాకా దద్దుర్లు. సమావేశంలో తుమ్మిన పిల్ల కూడా ఆరోజు అక్కడ ఉంది. అంతకుముందు ఆ అమ్మాయికి ఇంతగా తుమ్ములు లేవని వాళ్లమ్మ ఈ మధ్యే చెప్పింది. అదే కారణమని మేము అనలేం, కాదనీ అనలేం.

ఈ పుప్పొడి రేణువులు గుత్తులుగా అంటుకుని ఉంటాయి కాబట్టి మరీ దూరం ఎగరవు. అంటే ఊరంతా తియ్యలేకపోయినా మన వీధిలో తీస్తే మన ముక్కులకు ఉపయోగం ఉంది. తియ్యాల్సింది మాత్రం పూతకు ముందు, మొదటి వానలకు నేల మెత్తబడి మొక్క జానెడు ఉన్నప్పుడు, వేరుతో సహా. తుమ్ములూ ఆస్తమా ఉన్నవాళ్లు, పిల్లలు రానక్కర్లేదు.

చేతి తొడుగులు నలభై జతలు, మాస్కులు ఒక పెట్టె కొని భవనంలో పెట్టాం. తాళంచెవి కార్యదర్శి గారి దగ్గర ఉంది. సైటు యజమానులకు ఉత్తరాలు కన్నడంలో రాయించాం. తెలుగులో రాస్తే మనలో మనమే చదువుకుంటాం కదా. హోసూరు సంబంధం కుదిరిందట, పెద్దాయన నిన్న ఫోన్ చేశారు. ఉత్తరాల మీద మొదటి సంతకం ఆయనే పెడతానన్నారు.