నాటుకూ సీమకూ మధ్య

మాటలకు కూడా వర్గచరిత్ర వుంటుందని మనం తరచు అంటాం. అన్నంత తరచుగా ఒక్క మాటనైనా పట్టుకుని పరీక్షించం. నేనిక్కడ 'నాటు' అనే విశేషణాన్ని తీసుకుంటున్నాను. నాటుకోడి, నాటుసారా, నాటువైద్యం, నాటుపడవ, నాటుబాంబు: మా కాట్రేనికోనలో గంటసేపు నలుగురి మధ్య నిలబడితే బాంబు తప్ప మిగిలినవన్నీ చెవిన పడతాయి. కోడికి తగిలితే అది రుచి. వైద్యానికి తగిలితే అనుమానం. మనిషికి తగిలితే తిట్టు.

యీ మాటకు మూలం 'నాడు'. దేశం, ప్రాంతం అని అర్థం. ఆ నాటికి చెందినది నాటు. (వరినాట్లలోని నాటు వేరు, అది క్రియనుంచి పుట్టింది. రెంటినీ ముడిపెట్టి, నేలలో నాటుకున్నవాడే నాటువాడని కవిత్వం చెప్పవచ్చుగాని వ్యుత్పత్తి చెప్పినట్టు కాదు.) మూలంలో హీనార్థం లేశమైనా లేదు. పన్నెండవ శతాబ్దంలో చందవోలునుంచి యేలిన ప్రభువులు వెలనాటి చోడులు. బ్రాహ్మణులలో వెలనాటి, వేగినాటి శాఖలవారు ఆ పేరు గర్వంగానే చెప్పుకుంటారు. మద్రాసు రాష్ట్రం 1969లో తమిళనాడు అయింది. నా చిన్నతనంలో బలుసుతిప్పనుంచి వచ్చే పల్లెకారుల పిల్లల మాటను 'నాటుభాష' అని వెక్కిరించే మాస్టారొకరు వుండేవారు. ఆయనదీ వెలనాటి శాఖే. ఒకే మాట తన శాఖపేరులో బిరుదు, యెదుటివాడి నోట అపరాధం!

యిప్పుడు 'సీమ' సంగతి చూడండి. సీమ అన్నా ప్రాంతమే. కోనసీమ, రాయలసీమ అన్న పేర్లలో యీనాటికీ ఆ అర్థమే వుంది. కాని దొరల పాలనలో వట్టి 'సీమ' అంటే ఇంగ్లండు అయింది. సీమదొర, సీమచదువు, సీమబట్టలు. ఆ తర్వాత, పైనుంచి వచ్చినదల్లా సీమదే. యెక్కడో మెక్సికో వైపునుంచి వచ్చిన చెట్టు మనకు సీమచింత. దిగుమతి అయిన పంది సీమపంది. ఒకే అర్థంగల రెండు మాటలలో ఒకటి మేడ యెక్కింది, రెండవది పెరట్లో మిగిలింది. వ్యాకరణం చేసిన పని కాదిది.

ఇంగ్లీషులో దీనికి జోడీ 'కంట్రీ'. లాటిన్‌లో 'కాంత్రా' అంటే యెదుట. యెదుట పరచుకుని వున్న నేల అనే అర్థంతో పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరింది. అక్కడ విశేషణంగా అది పట్నానికి వ్యతిరేకం. యిక్కడికి వచ్చేసరికి యూరపుకు వ్యతిరేకమయింది. కంపెనీ భాషలో ఆసియా రేవుల మధ్య సాగే వర్తకం 'కంట్రీ ట్రేడ్'. ఆ లెక్కన గౌతమికి ఆవల, కోరంగిలో మన వడ్రంగులు కట్టిన ఓడలు కంట్రీ ఓడలు. 1789లోనూ 1839లోనూ వచ్చిన తుపానులు ఆ రేవును దెబ్బతీశాయి. విశేషణం మాత్రం బతికింది. యూల్, బర్నెల్ అనే యిద్దరు దొరలు కూర్చిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు 1886లో వెలువడింది. ఇండియాలో తయారయిన సరుకుకు 'కంట్రీ' అని తగిలించడంలో చిన్నచూపు కూడా వుంటుందని అందులో దాపరికం లేకుండానే వ్రాశారు.

అదే 1886లో మద్రాసు ఆబ్కారీ చట్టం వచ్చింది. లైసెన్సు లేనిదే కల్లు గీయరాదు, సారా కాయరాదు. గీతకార్మికుడు తన పెరటి తాటిచెట్టెక్కినా నేరస్థుడే. ఆబ్కారీ లెక్కలలో కంట్రీ సారా ఒక పద్దు, విదేశీ మద్యం ఇంకొక పద్దు. 'నాటు' అన్న మాటలో మోటుతనమనే ఛాయ అంతకుముందే వుండివుండవచ్చు. కాని దానికి నేరం వాసన తగిలించినది యీ పద్దుల పుస్తకమేనని నా నిశ్చితాభిప్రాయం. నాటుసారా, నాటుతుపాకి, నాటుబాంబు: యివి పోలీసు రికార్డునుంచి పత్రికలకు దిగిన సమాసాలు. కాలేజీలలో పల్లెటూరి కుర్రవాణ్ణి 'కంట్రీ బ్రూట్' అన్నవారికి ఆ తిట్టు యే కచేరీలో తయారయిందో తెలియదు.

దొరలు 1947లో వెళ్ళిపోయినా పద్దులు వెళ్ళలేదు. 'భారతదేశంలో తయారయిన విదేశీ మద్యం' అనేది మన ప్రభుత్వాలు నేటికీ వాడే అధికార పదం. యింతకంటె విచిత్రమైన సమాసం యే ప్రబంధకవీ కూర్చలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు లేవదీసిన పోరాటం ఫలితంగా 1993 అక్టోబరు 1న సారా నిషేధమయింది. ఆ స్త్రీలు పోరాడినది సర్కారు వేలంపాటలో అమ్మించిన సారామీద. అది న్యాయమైన పోరాటం. అయితే 'విదేశీ' సీసా మీదికి నిషేధం రావడానికి 1995 జనవరి దాకా ఆగవలసి వచ్చింది. 1997లో అదీ పోయింది.

యీమధ్య నగరాల హోటళ్ళు బోర్డుమీద 'నాటుకోడి' అని పెద్ద అక్షరాలతో వ్రాస్తున్నాయి. ఫారంకోడికంటె దాని ధర యెక్కువ. కోడికి విలువ పెరిగింది. దాన్ని పెంచిన ముసలమ్మ మాట ఆ హోటల్లో యిప్పటికీ నాటే.

2022లో వచ్చిన సినిమా పాటకు మరుసటి సంవత్సరం ఆస్కారు బహుమతి రావడంతో 'నాటు' లోకమంతా వినిపించింది. అదే పాట హిందీలో 'నాచో' అయింది: విశేషణం పోయి, ఆడమనే ఆజ్ఞ మిగిలింది. తమిళులకు మార్చవలసిన పని లేకపోయింది, మాట వారిదీ కనుక. కన్నడంలో ముందొక 'హళ్ళి' చేర్చారు. హళ్ళి అంటే పల్లె.