కరీంనగర్ స్మార్ట్ సిటీ: పైపు, రోడ్డు, కెమెరా

స్మార్ట్ సిటీస్ మిషన్‌ను కేంద్ర ప్రభుత్వం 2015 జూన్ 25న ప్రారంభించింది. తెలంగాణ నుంచి మొదట వెళ్లిన పేర్లు హైదరాబాద్, వరంగల్. ఆ తర్వాత రాష్ట్ర ప్రభుత్వం హైదరాబాద్ బదులు కరీంనగర్‌ను తీసుకోమని కోరింది. మిషన్ కింద కేంద్రం ఒక్కో నగరానికి ఐదేళ్లలో రూ.500 కోట్లు ఇవ్వాలి, అంతే మొత్తాన్ని రాష్ట్రం జత చేయాలి అన్నది అప్పటి లెక్క. హైదరాబాదుకు ఆ సొమ్ము ఏ మూలకూ రాదు, కరీంనగర్‌కు మాత్రం అది చాలా పెద్ద మొత్తం. 2016 జనవరిలో విశాఖపట్నం, కాకినాడ, మేలో వరంగల్, సెప్టెంబర్‌లో తిరుపతి ఎంపికయ్యాయి. 2017 జూన్‌లో ప్రకటించిన 30 నగరాల జాబితాలో అమరావతి నాలుగో స్థానంలో, కరీంనగర్ ఆరో స్థానంలో నిలిచాయి.

అప్పటి కరీంనగర్ ఎలాంటి ఊరు? ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో ఎలగందుల నుంచి జిల్లా కేంద్రం ఇక్కడికి మారాక కమాన్, టవర్ సర్కిల్ చుట్టూ పెరిగిన పట్టణం. 2005లో నగరపాలక సంస్థ అయింది. 2011 లెక్కల్లో జనాభా సుమారు 2.6 లక్షలు. 2016 అక్టోబర్‌లో జిల్లాల విభజన జరిగి జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల విడిపోయాయి, కలెక్టరేట్ పనుల కోసం ఇక్కడికి వచ్చే జనం తగ్గారు. పాత ఆదిలాబాద్ జిల్లా కూడా అదే రోజున నాలుగు ముక్కలైంది. లక్ష దాటిన జనాభా ఉన్నా ఆదిలాబాద్ పట్టణానికి స్మార్ట్ సిటీ హోదా రాలేదు. అదే 2015 జూన్ 25న మొదలైన అమృత్ పథకంలో మాత్రం చోటు దక్కింది. అమృత్ నీళ్లు, మురుగునీటి కాల్వల పథకం, సెన్సర్ల ఊసు దాంట్లో పెద్దగా లేదు. కాయితాల మీద ఈ రెండు పథకాల మధ్య ఎంత తేడా ఉన్నా, కరీంనగర్ వీధుల్లో అది అంతగా కనబడలేదు.

కారణం నీళ్లే. మానేరు మీద 1974లో మొదలై 1985లో పూర్తయిన దిగువ మానేరు డ్యాం 24 టీఎంసీల జలాశయం, నగరాన్ని ఆనుకునే ఉంది. అయినా ఇళ్లకు నల్లా నీళ్లు చాలా ఏళ్లు రోజు విడిచి రోజే వచ్చాయి. రోజూ నీళ్లిచ్చే ఏర్పాటు 2020 జులైలో మొదలైంది. విడతల వారీ సరఫరాతో చిక్కేమిటంటే, నీళ్లు ఆగినప్పుడు పైపుల్లో ఒత్తిడి పడిపోతుంది, పగుళ్ల గుండా మోరీ నీళ్లు లోపలికి చేరతాయి. నీళ్లు వదలగానే ఇంటింటా మోటారు బిగించి లాగితే చివరి ఇళ్లకు ధార అందదు. సంపు, మోటారు, మిద్దె మీద ట్యాంకు ప్రతి ఇంటికీ తప్పనిసరి ఖర్చవుతాయి. ఇరవై నాలుగు గంటల సరఫరాకు పైపు ఎప్పుడూ నిండుగా ఉండాలి, లీకేజీ ఎక్కడుందో తెలియాలి, ఎవరు ఎంత వాడుతున్నారో మీటరు చెప్పాలి. స్మార్ట్ అన్న మాటకు నిజమైన పని ఇక్కడే ఉంది, కానీ భూమిలోని పాత పైపు మార్చనిదే మీటరుకు విలువ లేదు. హౌసింగ్ బోర్డు కాలనీలో ప్రయోగాత్మకంగా చేపట్టిన ఇరవై నాలుగు గంటల సరఫరా 2025 జనవరిలో గానీ మొదలు కాలేదు. ఎంపికైనప్పటి నుంచి ఏడున్నరేళ్లు!

పనులు నగరపాలక సంస్థ నేరుగా చేయలేదు. మిషన్ నిబంధనల ప్రకారం రాష్ట్రం, నగరపాలక సంస్థ చెరిసగం వాటాలతో కరీంనగర్ స్మార్ట్ సిటీ కార్పొరేషన్ లిమిటెడ్ అనే కంపెనీ ఏర్పడింది. పని వేగం పెరగాలనే ఈ ఏర్పాటు. కానీ తీర్మానాలు కంపెనీ బోర్డులో, ఓట్లు డివిజన్లలో! తమ వీధి తవ్వి వదిలేశారని జనం నిలదీసేది కార్పొరేటర్‌నే. మరోపక్క కేంద్రం నిధుల విడత రావాలంటే రాష్ట్రం వాటా జమ కావాల్సి ఉండేది. ఆ వాటా ఆలస్యం కావడం గురించి ఢిల్లీ, హైదరాబాద్ ఏళ్ల తరబడి ఒకదాన్నొకటి తప్పుపట్టుకున్నాయి.

మొదట కంటికి కనిపించినవి సిమెంటు రోడ్లు, మోరీలు, పార్కులు, అంబేడ్కర్ స్టేడియం. మానేరు ఒడ్డున పేరుకున్న చెత్తగుట్టను తవ్వి వేరుచేసే బయోమైనింగ్ కూడా ఈ పద్దులోదే, దాని పొగ మాత్రం చుట్టుపక్కల కాలనీలను అంత తొందరగా వదల్లేదు. 2018లో శంకుస్థాపన జరిగి 2020 జులైలో తెరుచుకున్న ఐటీ టవర్, 2023 జూన్‌లో ప్రారంభమైన తీగల వంతెన వేరే పద్దుల పనులు. ఊళ్లో మాత్రం అన్నిటినీ కలిపి స్మార్ట్ సిటీ అనే అంటారు.

కెమెరాలు ఇంకో దారిలో ముందే వచ్చాయి. పోలీసుల ‘నేను సైతం’ కార్యక్రమం కింద దుకాణదారులు, కాలనీవాసులు చందాలు వేసుకుని వాటిని పెట్టించుకున్నారు. స్మార్ట్ సిటీ కమాండ్ కంట్రోల్ సెంటర్ పని వేరు. చౌరస్తాల సిగ్నళ్లు, కెమెరాలు, ప్రకటనల మైకులు, గాలి కాలుష్యాన్ని కొలిచే పరికరాలు, అన్నిటినీ ఒకే గదిలోని తెరలకు కలపాలి. 2020 మార్చిలో ఇండోనేషియా నుంచి వచ్చిన మతబోధకుల్లో కరోనా బయటపడి ముకరంపుర ప్రాంతాన్ని కట్టడి చేసినప్పుడు ఊరిని ఆదుకున్నది తెరలు కావు, గడప గడపకూ తిరిగిన వైద్య బృందాలు.

చిక్కులు కరీంనగర్‌వే కావు. 2017 అక్టోబర్‌లో కెనడాలోని టొరంటోలో సరస్సు ఒడ్డున గూగుల్ సోదర సంస్థ సైడ్‌వాక్ ల్యాబ్స్‌తో సెన్సర్ల పేట కట్టే ప్రకటన వెలువడింది. జనం సమాచారం ఎవరి చేతిలో ఉండాలన్న వివాదం ముదిరింది, 2020 మేలో ఆ సంస్థే వెనక్కి తగ్గింది. అక్కడ పైపులు, రోడ్లు ఉన్నాయి, నమ్మకం చాలలేదు. ఇక్కడ అంతదాకా రాకముందే తవ్వకాలతోనే కాలం గడిచింది.

మిషన్ గడువును మొదట 2023 జూన్ వరకు, తర్వాత 2024 జూన్ వరకు పొడిగించారు. 2024 జూన్‌లో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి మరో ఏడాది అడిగేనాటికి కరీంనగర్‌లో 25 పనులు పూర్తయ్యాయి, రూ.287 కోట్ల విలువైన 22 పనులు నడుస్తున్నాయి. కేంద్రం 2025 మార్చి 31 వరకే ఒప్పుకుంది. 2025 జనవరిలోనే నగరపాలక సంస్థ పాలకవర్గం పదవీకాలం కూడా తీరింది. మీటర్లు, సిగ్నళ్లు, కమాండ్ సెంటర్ సాఫ్ట్‌వేర్, వాటి కరెంటు బిల్లు, సిబ్బంది జీతాలకు ఇక మిషన్ పద్దు లేదు. ఆ ఖర్చంతా ఇంటిపన్ను, నల్లా బిల్లుల ఆదాయం మీద నడిచే నగరపాలక సంస్థే భరించాలి.