అరికాళ్ళ మంట – మనవారి మరుగుపడిన బాధ

రాత్రి పడుకోబోయే ముందు అరికాళ్ళకు ఆముదం రాసుకొని, గోరింటాకు ముద్ద పెట్టించుకొని, అదీ చాలక చన్నీళ్ళ బాల్చీలో కాళ్ళు ముంచుకొని కూర్చొనే పెద్దవారు మన తోటల లైను ఇళ్ళలో ఉండేవారు. ఎండ వేడి అనుకొని మనం ఊరుకొన్నాము. ఆ మంట వెనుక ఒక చరిత్ర ఉన్నదని మేము చాలా ఆలస్యంగా తెలుసుకొన్నాము.

విశాఖపట్నం, శ్రీకాకుళం ప్రాంతాల నుండి మలయాకు వచ్చిన మనవారు చోడి అంబలి, దంపుడు బియ్యం ఎరిగినవారు. ఇక్కడ కూడా భారతీయ కూలీలు ఎక్కువగా ఉప్పుడు బియ్యమే తిన్నారు. సయాము తెల్ల బియ్యం తిన్న చీనా గని కూలీలు బెరిబెరితో చనిపోతూంటే, మనవారికి ఆ జబ్బు అరుదు. 1905లో కౌలాలంపూరు పిచ్చాసుపత్రిలో ఫ్లెచరు అనే వైద్యుడు రోగులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు తెల్ల బియ్యం, రెండవదానికి ఉప్పుడు బియ్యం పెట్టి చూచినాడు. జబ్బు తెల్ల బియ్యం జట్టులోనే విజృంభించినది. వడ్లు ఉడికేటప్పుడు పై పొరలోని సత్తువ గింజలోకి దిగుతుంది. మన అవ్వలు ఈ శాస్త్రం చదివి ఉడికించలేదు లెండి!

1941 డిసెంబరులో జపాను సేన దిగినది. బర్మా బియ్యం రాక తెగిపోయి, కర్రపెండలమే గతి అయినది. 1942-43లో సయాము-బర్మా రైలుదారి కోసం తోటల నుండి తమిళులతోపాటు మనవారినీ తరలించుకొని పోయినారు. 415 కిలోమీటర్ల దారి. ఆసియా కూలీలు లక్షకు పైగా పోగా, వేలాదిగా అడవులలోనే రాలిపోయినారు.

అక్కడి బందీ సైనికులకు అరికాళ్ళు నిప్పుల మీద పెట్టినట్లు మండేవి. రాత్రయితే మరీ ఎక్కువ. నిద్రలేక తెల్లవార్లూ తిరిగేవారు. దానికి ‘హ్యాపీ ఫీట్’ అని ఎకసెక్కంగా పేరు పెట్టినారు. వారిలోని వైద్యులు రాసిపెట్టినందువల్ల ఆ బాధ వైద్య పత్రికలకు ఎక్కినది. అదే అన్నం తిన్న మన కూలీల శిబిరాలలో చాలాచోట్ల వైద్యుడే లేడు. రాసేదెవరు?

1946లో డాక్టరు సి. గోపాలన్ ఇటువంటి రోగులకు పాంటోథెనిక్ ఆమ్లం ఇచ్చి గుణం కనిపించినదని ప్రకటించినారు. తరువాత ఆయనే హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు అధిపతి అయినారు. అయితే ఆ ఒక్క విటమినుదే లోపమని వైద్యులు ఖాయంగా అనరు. బి విటమినులు పలురకాలు కలిసి కొరవడటమే కారణమంటారు.

ఈనాడు మన ఇళ్ళలో ఈ మంటకు మధుమేహం ముఖ్య కారణం. గోరింటాకుతో సరిపెట్టక రక్తపరీక్ష చేయించుకోవాలి.

రైలుదారి నుండి తిరిగివచ్చినవారు మీ ఇంట ఉండి ఉంటే, వారు తమ కాళ్ళను గూర్చి ఏమని చెప్పుకొనేవారో రాసి మాకు పంపండి.